బుర్రకథలో బాణీ ఎవరిది?
(నాజర్ స్వరరచన గురించి ఒక పరిశీలన)

ప్రజాకళల గురించి మనం రాసుకునే వ్యాసాలలో ఒక వాక్యం ఊతపదంలా వినిపిస్తూ ఉంటుంది. "ప్రజానాట్యమండలి పాత రూపాన్ని తీసుకొని దానిలో కొత్త వస్తువును నింపింది" అన్నది ఆ వాక్యం. నేనూ ఎం.ఏ. పరీక్షలో ఈ వాక్యమే రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ తర్వాత పదిహేనేళ్లపాటు పిల్లలకు ఇదే పాఠంగా చెప్పాను. ఇప్పుడు ఆ వాక్యం నాకు సరిగా తోచడం లేదు. అందులో సగమే నిజం ఉంది. ఆ మిగిలిన సగాన్ని వదిలేయడం వల్ల ఒక గొప్ప కళాకారుడికి రావలసిన పేరు రాకుండా పోయిందనీ, ఆ నష్టం ఆయన ఒక్కడికే పరిమితం కాలేదనీ నా అభిప్రాయం.

ఆ కళాకారుడు షేక్ నాజర్ (1920–1997). ఆయన్ని "బుర్రకథ పితామహుడు" అన్నారు. 1986లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన గొంతు గురించి, ఆయన నిబద్ధత గురించి, ఆయన పేదరికం గురించి చాలామంది రాశారు. కాని ఆయన ఒక స్వరకర్త అనీ, సొంతంగా కథ కట్టి, దానికి సంగీతం కూర్చి, దళాన్ని తయారుచేసి, తానే నిలబడి ఆడించిన సంగీత ప్రదర్శనల నిర్మాత అనీ గుర్తించి రాసినవారు తక్కువ. పితామహుడు అని బిరుదు ఇవ్వడం సులభం. ఆయన నిర్మించినది ఏమిటో చెప్పడం కష్టం. ఈ వ్యాసంలో ఆ రెండో పని చేయడానికి ప్రయత్నిస్తాను.

1. తెనాలి రంగస్థలం

నాజర్ ఏం చేశాడో తెలియాలంటే ఆయన కాలం నాటికి మన ప్రాంతంలో నాటక సంగీతం ఎలా ఉండేదో ముందు చూడాలి.

మాది తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుమార్గం మీది ఊరు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయి రేపల్లెలో ఆగిపోతుంది ఆ రైలు. తర్వాత పట్టాలు లేవు, కృష్ణ ఏరూ సముద్రమూ ఉన్నాయి. నా చదువు తెనాలిలో, మొదటి ఉద్యోగం బాపట్లలో, ఇప్పటి ఉద్యోగం రేపల్లెలో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లా అయ్యాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాని నాటకం విషయంలో ఈ మూడూళ్లూ ఎప్పుడూ ఒకే ప్రేక్షకలోకం.

ఆ లోకాన్ని ఏలినవాడు స్థానం నరసింహారావు. ఆయన 1902లో బాపట్లలో పుట్టాడు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషధారి రాకపోవడంతో ఆ వేషం కట్టి రంగం మీదికి వచ్చాడు. తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి స్త్రీపాత్రలకు పెట్టింది పేరయ్యాడు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి మహానటులు ఆయనకు సహచరులు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆయన పాడిన సుప్రసిద్ధమైన పాట ఉంది కదా, అది ఆ నాటకం రాసిన ముత్తరాజు సుబ్బారావుది కాదు. స్థానంవారు తన పాత్ర కోసం తానే రాసుకున్నది. నాటకం పుస్తకం మీద కవి పేరు ఉంటుంది. ప్రజల నోళ్లలో నిలిచినది మాత్రం నటుడు కట్టుకున్న పాట.

ఇది ఒక్క స్థానంవారి సంగతి కాదు. పద్యనాటకంలో పద్యం రాసినవాడు ఒకడు, దానికి రాగం పెట్టేవాడు మరొకడు. ఆ రెండోవాడు ఒకచోట నటుడు, ఒకచోట హార్మోనిస్టు, ఇంకోచోట ఇద్దరూ కలిసి. కరపత్రం మీద కవి పేరు పడేది, నటుల పేర్లు పెద్ద అక్షరాలలో పడేవి. ఫలానా పద్యానికి ఆ బాణీ ఎవరు కట్టారన్నది ఏ కరపత్రమూ చెప్పేది కాదు. మన నాటక సంగీతానికి తండ్రి పేరు లేకపోవడం అక్కడే మొదలైంది.

మరొక విషయం గమనించాలి. పద్యనాటకంలో పద్యం మొదలైతే కథ ఆగుతుంది. నటుడు రాగం తీస్తాడు, ప్రేక్షకుడు "వన్స్ మోర్" అంటాడు, చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడవలసి వస్తుంది. సంగీతం కోసం కథ నిలబడి చూస్తుంది. ఇందులో ఆనందం లేదని నేననను. ఆ పద్యాలు విని పెరిగినవాణ్ణే. కాని సంగీతమే కథను నడిపించే పద్ధతి అది కాదు. అటువంటి పద్ధతి మరొక చోట, టిక్కెట్టు లేని చోట, కళ్లాలలోనూ రచ్చబండల దగ్గరా రూపొందింది.

2. పొన్నెకల్లు నుంచి

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. దూది ఏకడం కులవృత్తి. ఊరు వాళ్లను పిలిచే పేరు పింజారి. ఆ పిలుపులో ఎంత చులకన ఉందో మన పల్లెలు తెలిసిన ఎవరికైనా తెలుసు. అంగడాల వెంకటరమణమూర్తికి చెప్పి రాయించిన తన జీవితకథకు నాజర్ పెట్టించుకున్న పేరు "పింజారి". ఊరు తిట్టుగా వాడిన మాటను ఆయన తన పుస్తకానికి శీర్షిక చేశారు.

మన ప్రాంతపు దూదేకులవారికి సంగీతంతో ఉన్న బంధం చాలా గట్టిది. గుళ్లలో కల్యాణాలకు, ఇళ్లలో పెళ్లిళ్లకు నాదస్వరం ఊదినవారిలో వారు ఎందరో ఉన్నారు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుడిగా దక్షిణ దేశమంతా మన్ననలు పొందాడు. రాముడి కల్యాణానికి సన్నాయి ఊదేది ముస్లిం అన్న సంగతి మన పల్లెలకు వింతగా తోచలేదు. నాజర్ పుట్టింది ఇటువంటి వాతావరణంలో.

చిన్నతనంలోనే ఆయన బడిలో నాటకాలలో వేషాలు కట్టారు. శ్రీకృష్ణ తులాభారంలో రుక్మిణి వేషం అందులో ఒకటి. అదే కాలంలో అదే నాటకంలో స్థానంవారి సత్యభామ రాష్ట్రమంతా తిరుగుతున్నది. పొన్నెకల్లు కుర్రవాడు రుక్మిణిగా పాడిన పద్యాలు ఆ గాలిలో నుంచి వచ్చినవే. ఆ గొంతు విని ముచ్చటపడిన ఒక హార్మోనిస్టు ఆయన్ని నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర చేర్చారు. అక్కడ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. పొట్టకోసం కుట్టుపని చేశారు, సంగీత పాఠాలు చెప్పారు.

ఈ వివరాలు జీవితచరిత్ర కోసం చెప్పడం లేదు. బుర్రకథలోకి అడుగుపెట్టేనాటికి నాజర్ చేతిలో ఏ ముడిసరుకు ఉందో చూడడానికి చెబుతున్నాను. పల్లె సంగీతపు పొలుపు ఒకటి, పద్యనాటకపు రాగభావం రెండు, శాస్త్రీయ సంగీతపు లెక్క మూడు. ఈ మూడూ ఒక మనిషిలో కలిసి ఉండడం అరుదు. కలిసినా, ఆ మనిషి పేదవాడై, పేదల కోసం పాడాలనుకున్నవాడై ఉండడం మరీ అరుదు.

3. జంగం కథ, బుర్రకథ

బుర్రకథకు మూలం జంగం కథ. దాన్నే తందాన కథ అని కూడా అన్నారు. జంగం కథకుడు తంబురా భుజాన వేసుకొని కథ చెబితే, అతని భార్యలు ఇరువైపులా నిలిచి గుమ్మెటలు వాయిస్తూ వంత పలికేవారు. ఒక కథ రాత్రిళ్ల తరబడి సాగేది. కథకుడు ధాన్యానికీ పాతబట్టలకూ కథ చెప్పేవాడు. తంబురాకు ఉన్న బుర్రను బట్టి బుర్రకథ అనే పేరు వచ్చిందంటారు.

1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగింది. మరుసటి ఏడు బొంబాయిలో అఖిల భారత స్థాయిలో ప్రజానాట్య సంఘం ఏర్పడింది, ఆంధ్రలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. సుంకర సత్యనారాయణ "కష్టజీవి" బుర్రకథ రాశారు. దళాలు ఊరూరా తిరిగాయి. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ వంటివారు స్త్రీల దళాలలో నిలబడి కథ చెప్పారు. గౌరవనీయమైన ఇళ్ల ఆడవాళ్లు వీధిలో గుమ్మెట పట్టుకోవడం ఆనాడు ఎంత సాహసమో ఊహించుకోవచ్చు. నాజర్ ఈ కెరటంలో పైకి వచ్చిన కథకుడు.

ఇక ఆ రూపం ఎలా మారిందో చూద్దాం. మధ్యలో కథకుడు. తలపాగా, నిలువుటంగీ, నడికట్టు, కాళ్లకు గజ్జెలు. భుజాన తంబురా, ఒక చేతి వేళ్లకు అందెలు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. ఒక వంత రాజకీయం చెబుతాడు. అంటే, కథ పాతకాలానిదైనా దాన్ని ఈనాటి విషయానికి ముడిపెట్టి ప్రశ్న వేస్తాడు. రెండో వంత హాస్యం చెబుతాడు. కథకుడు ముందుకు రెండడుగులు వేసి చరణం ఎత్తుకుంటాడు, వెనక్కు వచ్చేటప్పుడు వంతలు పల్లవి అందుకుంటారు.

చూడడానికి ఇది సులువుగా ఉంటుంది. కాని ఇందులో ప్రతి భాగానికీ సంగీతపరమైన పని ఉంది. వంత పల్లవి అందుకోవడం అలంకారం కోసం కాదు. మైకు లేని కాలంలో రెండు మూడు గంటలపాటు వేలమందికి వినబడేలా పాడే మనిషికి ఊపిరి తీసుకొనే వ్యవధి అది. ఆ వ్యవధి ఎక్కడ ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో కథ కట్టేవాడు ముందే లెక్క వేసుకోవాలి. రాజకీయ వంత ప్రశ్న వేసే చోట తాళం నిలుస్తుంది, మాట నడుస్తుంది. హాస్య వంత మాట్లాడిన తర్వాత మళ్లీ వీరరసం ఎత్తుకోవాలంటే గతి మార్చాలి. లేకపోతే నవ్వు తగ్గదు, కథ ఎక్కదు. పాట, మాట, అడుగు, గుమ్మెట అనే నాలుగింటినీ ఒకే దారానికి గుచ్చిన నిర్మాణం ఇది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. రాత్రిళ్ల తరబడి నింపాదిగా సాగే జంగం కథను ఒక్క పూటలో ముగిసే బిగువైన ప్రదర్శనగా మార్చడం పాత రూపాన్ని వాడుకోవడమేనా? పద్యనాటకపు రాగాన్ని తెచ్చి, కథను ఆపకుండా, నడిచే కథ మీదే దాన్ని నిలపడం పాత రూపంలో ఉందా? లేదు. రూపం కూడా కొత్తగా కట్టబడింది. కట్టినవాళ్లు చాలామంది. వారిలో సంగీతాన్ని లోతుగా తెలిసి కట్టినవాడు నాజర్.

4. రేపల్లె బడిలో నేను నేర్చుకున్నది

ఈ మాట నాకు పుస్తకాలలో తెలియలేదు. నేను నాజర్ ప్రదర్శన చూడలేదు. ఆయన పోయేనాటికి నేను ఉన్నత పాఠశాల విద్యార్థిని. మా నాయన చూశాడు. కోతలైన పొలంలో నేలమీద కూర్చొని చూశానని చెప్పేవాడు. ఏం కథ నాయనా అంటే పల్నాటి యుద్ధం అనేవాడు. ఎలా ఉందంటే చెప్పలేక చేత్తో మోకాలి మీద దరువు వేసి చూపించేవాడు. ఆ దరువులో విమర్శ ఉందని అప్పట్లో నాకు తెలియలేదు.

కొన్నేళ్ల కిందట మా బడి వార్షికోత్సవానికి అల్లూరి సీతారామరాజు బుర్రకథ చేయిద్దామనుకున్నాను. అచ్చు పుస్తకం ఒకటి దొరికింది. ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురిని ఎంచుకున్నాను. కథ చెప్పేది ఒక అమ్మాయి. మాటలన్నీ కంఠతా వచ్చాయి, వేషాలూ కుదిరాయి. ప్రదర్శనలో అయిదో నిమిషానికే ముందు వరుసలో పెద్దలు కబుర్లలో పడ్డారు. పిల్లలు ఒక్క మాట కూడా తప్పలేదు. కాని అది బుర్రకథ కాలేదు, వేషం కట్టిన పాఠం అప్పజెప్పడం అయింది. తప్పు పిల్లలది కాదు. నాకు తెలిసింది మాటలు మాత్రమే. ఆ మాటల మధ్య ఏముండాలో పుస్తకంలో లేదు, నాకూ తెలియదు.

మరుసటి ఏడు బాపట్ల దగ్గరి పల్లెలో ఒక ముసలాయన ఉన్నాడని విని వెతుక్కుంటూ వెళ్లాను. వయసులో ఉండగా ఒక చిన్న దళంలో వంతగా తిరిగినవాడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. రాస్తానంటే వద్దన్నాడు కనుక ఇక్కడా రాయడం లేదు. నేను పుస్తకం తెరిచి చూపించబోతే మూసేయమన్నాడు.

"మాటలకేం తొందర మాస్టారూ, ముందు నడక రానీండి," అన్నాడు.

ఆదివారాలు మా బడికి వచ్చి నాలుగు వారాలు పిల్లలచేత ఒక్క మాట పలికించలేదు. అడుగు వేయించాడు, గుమ్మెట కొట్టించాడు. మూడు దెబ్బల నడక, నాలుగు దెబ్బల నడక, మూడూ నాలుగూ కలిసిన ఏడు దెబ్బల నడక. ఏడు దెబ్బల నడక దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. అది నేను ఏటేటా పాఠం చెప్పే మిశ్రగతి. వృషభగతి రగడ అదే, దాని నుంచి గురజాడ తీర్చుకున్న ముత్యాలసరం నడకా అదే. నల్లబల్ల మీద గురువులు లఘువులు గీసి గణాలు విడదీసి చూపించే నాకు అది కాలికింద ఎలా ఉంటుందో ఆనాటిదాకా తెలియలేదు. మూడు మాత్రలు ఎగరడానికి, నాలుగు మాత్రలు నిలదొక్కుకోవడానికి. గుర్రం మీద వచ్చే వీరుణ్ణి చెప్పడానికి ఆ నడక ఎందుకు కావాలో ఆ అమ్మాయి పాదాలు చెప్పాయి.

ఆ ఏడు ప్రదర్శనలో జనం కబుర్లు చెప్పుకోలేదు. గొప్పగా జరిగిందని అనను. మధ్యలో ఒకచోట గతి తప్పింది కూడా. కాని వెనక వరుసలో కూర్చున్న ఆయాలు, తోపుడుబండ్లవాళ్లు, పిల్లల తల్లులు కాళ్లతో దరువు వేయడం చూశాను. మా నాయన మోకాలి మీద దరువు గుర్తుకొచ్చింది. బుర్రకథలో అచ్చయ్యేది సగం రచనే. మిగిలిన సగం బాణీలో, నడకలో, ఊపిరిలో ఉంది. ఆ సగాన్ని ఎవరో ఒకరు రచించాలి. అలా రచించినవాణ్ణి మనం ఏమని పిలవాలి?

5. కథ కట్టడం అంటే

నాజర్ కట్టిన కథలలో పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు బాగా ప్రసిద్ధం. బెంగాల్ కరువు మీద కూడా కథ కట్టారు. "ఆసామి" నాటకం రాశారు. ఈ కథల ఎంపికలోనే ఒక స్వరకర్త ఎదుర్కొనే సమస్యలన్నీ ఉన్నాయి.

పల్నాటి కథను శ్రీనాథుడు ద్విపదలో రాశాడని మనం చదువుకుంటాం. కారెంపూడిలో వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్నది మరొక రూపం. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, అరణ్యవాసం, బాలచంద్రుడు, మాంచాల, కన్నమదాసు. కథ పెద్దది, పాత్రలు ఎక్కువ. ఒక్క పూటలో చెప్పాలంటే దేన్ని పాడాలి, దేన్ని మాటలతో దాటించాలి అన్నది తేల్చుకోవాలి. కోడిపందెం వేగమైన గతిని కోరుతుంది. మాంచాల దగ్గర బాలచంద్రుడు సెలవు తీసుకునే ఘట్టం కరుణతో మొదలై వీరంతో ముగుస్తుంది. ఆ మలుపు రాగంలో రావాలి, గొంతు పెంచినంత మాత్రాన రాదు. అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఘట్టం రాజకీయ వంతకు సహజంగా చోటిచ్చేది. ఆ ప్రశ్న వేసేటప్పుడు పాట ఆగాలి, మాట వినబడాలి. రూపం, వస్తువు అని మనం విడదీసి చెప్పేవి ఇక్కడ విడదీయడానికి వీలులేకుండా ఉన్నాయి.

బొబ్బిలి కథలో కష్టం వేరు. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట నిలవలేదు. ముగింపు సర్వనాశనం. ఓటమిని చెబుతూ వినేవాడిలో పౌరుషం నింపాలి.

బెంగాల్ కరువు కథ అన్నింటికంటే కష్టమని నా ఊహ. 1943 నాటి ఆ కరువులో సుమారు 30 లక్షలమంది చనిపోయారని అంచనా. అందులో కోట లేదు, కత్తి లేదు, వీరుడు లేడు. దొంగనిల్వల వర్తకులూ, యుద్ధం తప్ప మరేమీ పట్టని ప్రభుత్వమూ ఉన్నాయి. గుర్రపు నడకకు అలవాటుపడ్డ గుమ్మెటతో ఆకలిని చెప్పాలి. ఇది కేవలం కొత్త వస్తువు అయితే పాత బాణీలో మాటలు మార్చి పాడితే సరిపోయేది. సరిపోదని చేతితో పనిచేసే ప్రతి కళాకారుడికీ తెలుసు.

ఆ కాలంలో దేశంలో మిగిలినచోట్ల కూడా ఇదే కృషి జరిగింది. మహారాష్ట్రలో అన్నాభావు సాఠే, అమర్ షేక్ పవాడాను, తమాషాను తీసుకొని కార్మికుల కళగా మలిచారు. బెంగాలులో కరువు మీద విజన్ భట్టాచార్య "నవాన్న" నాటకం 1944లో ప్రదర్శితమైంది, జ్యోతిరింద్ర మైత్ర అదే దుఃఖం మీద గేయాల మాల కూర్చాడు. అంతకుముందు 1928లో బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకానికి కుర్ట్ వైల్ సంగీతం కూర్చాడు. అక్కడ ఎవరూ బ్రెహ్ట్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోరు, వైల్ పేరు కూడా చెబుతారు. మన నాజర్ ఆ ఇద్దరి పనినీ ఒక్కడే చేశాడు, పైగా తానే నిలబడి ఆడాడు. ఫలితమేమంటే మనం ఆయన్ని కవులలో చేర్చలేదు, వాగ్గేయకారులలో చేర్చలేదు. "బుర్రకథ చెప్పేవాడు" అని ఊరుకున్నాం. మూడు పనులు చేసినవాడికి ఒక పని చేసినవాడి పేరు కూడా దక్కలేదు. ఇందులో కులానికీ పేదరికానికీ ఉన్న పాత్రను విస్మరించడం నిజాయితీ కాదు.

6. పరిమితులు, ఆత్మవిమర్శ

1948 తర్వాత కమ్యూనిస్టుల మీద సాగిన అణచివేతలో దళాలు చెదిరిపోయాయి. సుంకర, వాసిరెడ్డిల "మా భూమి" నాటకం నిషేధానికి గురయింది. కళాకారులు బతుకుతెరువు వెతుక్కోవలసి వచ్చింది. కొందరు సినిమాలకు వెళ్లారు. డాక్టర్ గరికపాటి రాజారావు తీసిన "పుట్టిల్లు" (1953)లోనూ, మరుసటి ఏడు వచ్చిన "అగ్గిరాముడు"లోనూ నాజర్ బుర్రకథ ఉంది. అగ్గిరాముడులోని సీతారామరాజు కథ వల్లనే ఈ తరం వాళ్లకు ఆయన గొంతు కొంతైనా తెలుసు.

ఆ సినిమా ముక్క మనకు దక్కడం అదృష్టమే. కాని అది కొద్ది నిమిషాల ముక్క. గతి మారే సంధులు, వంతలు కథను ఆపి వేసే ప్రశ్నలు, జనాన్ని చూసి అప్పటికప్పుడు పెంచే తగ్గించే పట్టువిడుపులు దానిలో పట్టవు. ఏనుగు దంతం చూసి ఏనుగును చూశామనుకోరాదు.

తర్వాత బుర్రకథను ప్రభుత్వ ప్రచారశాఖలు అందుకున్నాయి. కుటుంబ నియంత్రణ, పొదుపు, అధిక దిగుబడి విత్తనాలు అన్నీ బుర్రకథలయ్యాయి. దీన్ని తప్పుపట్టడం సులభం. కాని ఇక్కడ మన వంతు పొరపాటూ ఉంది. రూపం ఒక ఖాళీ సంచి అనీ, దానిలో మనకు కావలసినది పోసుకోవచ్చనీ ముందు చెప్పింది మనమే. ఆ సంచిని ఇంకొకరు తీసుకుపోయి తమ సరుకు పోసుకుంటే ఆశ్చర్యపడడం ఎందుకు? వస్తువుకు తగిన రూపాన్ని ప్రతిసారీ కొత్తగా కట్టుకోవాలనే నాజర్ పాఠాన్ని ప్రచారశాఖలే కాదు, మనమూ నేర్చుకోలేదు. సభలో ఉపన్యాసానికి ముందు జనాన్ని పోగుచేసే సాధనంగా పాటగాళ్లను చూసిన అలవాటు మనకు ఉంది. ఉపన్యాసం అచ్చయింది, పాట గాలిలో కలిసిపోయింది.

నాజర్ పద్ధతికి కూడా ఒక పరిమితి ఉంది. అది చాలావరకు ఆయన గొంతు మీద, ఆయన ఒంటి సత్తువ మీద నిలిచిన కట్టడం. తర్వాత వచ్చిన వాళ్లలో చాలామంది ఆయన గొంతును అనుకరించారు గాని ఆయన కట్టిన తీరును పట్టుకోలేదు. అనుకరణతో ఏ కళా నిలవదు. అయితే ఈ నేరం అనుకరించినవాళ్ల మీదే మోపలేం. ఆ తీరు ఏమిటో విడమరచి చెప్పవలసినది విమర్శకులు. మనం చెప్పలేదు.

7. చేయవలసిన పని

సాహిత్య చరిత్రలు అచ్చుపుస్తకాన్ని ఆధారం చేసుకొని రాస్తారు. అచ్చులో మాట ఉంటుంది, బాణీ ఉండదు. అందువల్ల బాణీ కట్టినవాడు చరిత్రలోకి రాడు. త్యాగరాజ కీర్తనలకు శిష్యులు స్వరం రాసి నిలబెట్టారు. మన బుర్రకథలకు ఆ పని చేసే శిష్యపరంపర లేకపోయింది. ఉన్న శిష్యులు కూలికి పోయేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు.

కనుక పని మన మీదే ఉంది. మొదట, ఇంకా బతికి ఉన్న కథకులనూ వంతలనూ వెతికి, కథ మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా రికార్డు చేయాలి. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ అందుకు కావలసిన ఫోను ఉంది. లేనిది పూనిక మాత్రమే. రెండోది, సంగీతం తెలిసినవాళ్లు, ఛందస్సు తెలిసినవాళ్లు కలిసి కూర్చొని ఆ కథల గతులను, బాణీలను కాగితం మీద పెట్టాలి. మూడోది, బడులలో బుర్రకథను పాఠంగా కాక ప్రదర్శనగా నేర్పాలి. తెలుగు ఉపాధ్యాయులు ఛందస్సు చెప్పేటప్పుడు నల్లబల్లతో పాటు ఒక గుమ్మెట కూడా తరగతిలోకి తెచ్చుకుంటే నష్టం లేదు.

మా బడికి వచ్చిన ముసలాయన ఇప్పుడు లేడు. రెండేళ్ల కిందట పోయాడు. ఆయన నేర్పిన దానిలో నేను రాసి పెట్టుకున్నది ఒక నోటుపుస్తకంలో సగం. మిగిలినది అడుగుదాం అడుగుదాం అనుకుంటూనే పరీక్షలు, మూల్యాంకనాలు, ఎన్నికల విధులలో పడి అడగలేకపోయాను. ఈ జాప్యం నాది. దీన్ని ఎవరి మీదికీ నెట్టలేను.

ఆనాడు కథ చెప్పిన అమ్మాయి ఇప్పుడు తెనాలిలో చదువుకుంటున్నది. మొన్న రైల్లో కనబడి, ఆ ఏడు దెబ్బల నడక ఇంకా గుర్తుందా అంటే, ఒళ్లోని పుస్తకాల సంచి మీద వేలితో కొట్టి చూపించింది. ఎక్కడా తప్పలేదు. పుస్తకంలోని మాటలు మాత్రం మరిచిపోయానంది. మాటలు అచ్చులో ఉన్నాయి, ఎప్పుడైనా దొరుకుతాయి. అచ్చులో లేనిది ఆ పిల్ల వేళ్లలో ఉంది. దాన్ని అక్కడి నుంచి ఇంకొకరి వేళ్లలోకి పంపే ఏర్పాటు చేయడమే నాజర్‌కు మనం పెట్టదగిన నివాళి అని నేననుకుంటున్నాను.